జేజికి పేపరు చదివే పిల్ల

మొన్న వేసవిలో చెన్నైలో విమానం దిగి కారులో కడపకు పోతున్నాం. రేణిగుంట దాటినప్పటి నుంచి మా తొమ్మిదేళ్ల పాప కిటికీకి అతుక్కుపోయింది. బోర్డు కనపడితే చాలు, ముందు తెలుగు చదవడం, తర్వాత కింద ఇంగ్లీషు చూసి సరిపోయిందో లేదో చూసుకోవడం. రైల్వేకోడూరు వచ్చింది. రాజంపేట, నందలూరు కూడా వచ్చాయి. ఆ తర్వాత బోర్డు దగ్గర "ఒంటి... మి... ట్ట" అని ఒత్తు గట్టిగా పలికి నా వైపు చూసింది. నాకు గొంతు పూడుకుపోయింది.

రెండేళ్ల కిందట ఈ పిల్లకు ‘అ’ తప్ప ఇంకో అక్షరం రాదు. పుట్టి పెరిగింది డాలస్‌లో. మేం తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబిచ్చేది. "అర్థమవుతుంది గానీ మాట్లాడదు" అని అక్కడ మావాళ్లందరం చెప్పుకునే మాటే మేమూ చెప్పుకునేవాళ్లం. ఇప్పుడు నాకు గట్టిగా అనిపిస్తుంది, అందులో పిల్లల తప్పేమీ లేదు. రోజూ వాళ్లతో కూర్చునే ఓపిక మేం చేసుకోలేదు, అంతే.

మొదలుపెట్టడం ఘనంగానే మొదలుపెట్టాం. గోడకు 56 అక్షరాల చార్టు, ఇండియా నుంచి తెప్పించిన పలక, బొమ్మల పుస్తకాలు. ఆదివారం రెండు గంటలు అనుకున్నాం. మూడో ఆదివారం ఎవరిదో పుట్టినరోజు, నాలుగో ఆదివారం సాకర్ మ్యాచ్. ఐదో వారానికి గోడ మీద చార్టు మాత్రం మిగిలింది. ఆ సంగతి పులివెందుల దగ్గర చీనీ (బత్తాయి) తోట చేసే మా తమ్ముడికి ఫోన్‌లో చెప్పుకుంటే, "నీళ్లు ఒకేసారి పారిస్తే నేల తాగుతాది గానీ చెట్టు తాగదు. డ్రిప్పు ఎందుకు పెట్టుకుంటాం అన్నా? బొట్టు బొట్టు పడితేనే వేరుకు అందేది" అన్నాడు.

అయినా పాపకు కావాలనిపించకపోతే నేనెంత బలవంతం చేసినా లాభం ఉండేది కాదు. మా అమ్మ, అంటే పాపకు జేజి, పేపరు చదవందే పొద్దున కాఫీ ముట్టని మనిషి. చూపు మందగించింది. ఒకరోజు వీడియో కాల్‌లో "అక్షరాలన్నీ అలికినట్టు కనపడతాండాయి" అంది. "మరి పేపర్ ఎవరు చదువుతారు జేజీ?" అని ఇంగ్లీషులోనే అడిగింది పాప. నేను తెలుగులో చెప్పాను. "నువ్వొచ్చి చదువు తల్లీ" అని అమ్మ నవ్వింది. అమ్మ మాటవరసకు అంది. పిల్ల మనసులో పెట్టుకుంది.

ఆ రాత్రి నుంచి అన్నం తిన్నాక పది నిమిషాలు. వరసగా రెండు రోజులు మానకూడదు అన్నదొక్కటే నియమం. జ్వరం వస్తే రెండు మాటలు రాసినా చాలు. అక్షరాలు త్వరగానే వచ్చాయి. గుణింతాలు క్రిస్మస్ దాకా సాగాయి. ఒత్తుల దగ్గర ఏడుపు మొదలైంది. "అక్షరం కింద ఇంకో అక్షరం ఎందుకు వేలాడుతుంది నాన్నా?" అనేది. ‘ఇల్లు’ అన్న మాట ఒక్కటే నోట్‌బుక్కులో మూడు పేజీలుంది. పెన్సిల్ ఎంత నొక్కి పట్టిందంటే, పేజీ తిప్పి వేలితో తడిమితే ఆ ఒత్తులు ఇప్పటికీ తగులుతాయి. ఆఫీసు నుంచి వచ్చి సోఫాలో నేను నిద్రపోయిన రాత్రులున్నాయి. భుజం పట్టి కుదిపేది. "నాన్నా, పది నిమిషాలు."

కడపలో ఎర్రముక్కపల్లిలోని బ్రౌన్ గ్రంథాలయానికి తీసుకెళ్లాను. సి.పి.బ్రౌన్ ఇంగ్లీషువాడనీ, ఉద్యోగం మీద 1820లో ఈ ఊరికి వచ్చాడనీ, తన జీతం డబ్బుతో పండితులను పెట్టుకుని తాళపత్రాలు సేకరించి తప్పులు దిద్దించాడనీ, 1829లో వేమన పద్యాలు అచ్చువేయించాడనీ చెప్పాను. ఆయన తయారుచేసిన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లో వచ్చిందనగానే పాప వేళ్ల మీద లెక్క మొదలుపెట్టింది. "32 ఏళ్లు. అంటే 11 వేల రోజుల పైనే!" మెట్లు దిగుతూ మళ్లీ అడిగింది, "ఆయనకు కూడా ఒత్తులు కష్టమయ్యాయా?" అయ్యే ఉంటాయన్నాను. ఆ మాటకు చాలా తృప్తి పడింది.

మరుసటి రోజు పొద్దున వసారాలో అమ్మ కుర్చీ పక్కన చిన్న పీట వేసుకుని పేపరు పరిచింది. జిల్లా పేజీ. ‘ప్రొద్దుటూరు’ దగ్గర ఆగిపోయింది. నేను అందించబోతే అమ్మ చెయ్యెత్తి ఆపింది. పెదాలు కదులుతున్నాయి, వేలు అక్షరం కిందే ఉంది. ప్రొ... ద్దు... టూరు. అమ్మ ఏమీ అనలేదు, కాఫీ గ్లాసు కింద పెట్టి, "చీనీకాయల ధర ఏమన్నా రాసినారేమో చూడు తల్లీ" అంది. ఆ చిన్న గడి వెతికి పట్టుకోవడానికి, చదవడానికి అరగంట పట్టింది. అమ్మ కాఫీ చల్లారిపోయింది.

మరునాడు ఇంకా చీకటి ఉండగానే పాప నన్ను లేపింది. పేపరు వచ్చిందా అని.