జైసల్మేర్ వెళ్తే ఇసుక కంటే ముందు చెరువు చూడండి

మా వైజాగ్ నుంచి జైసల్మేర్ వెళ్లొచ్చిన వాళ్లని ఏం చూశారని అడగండి, ఒంటె ఎక్కాం, సామ్ ఇసుక తిన్నెల దగ్గర టెంట్లో పడుకున్నాం, రాత్రి డాన్స్ ప్రోగ్రాం బావుంది అంటారు, కోట గురించి ఒక ముక్క, అంతే. ఇసుక బావుంటుంది, కాదనను. కానీ అది చూసేసి రైలెక్కేస్తే ఆ ఊరు ఆ ఎడారిలో ఇన్ని వందల ఏళ్లు ఎలా బతికిందో తెలీకుండానే వచ్చేసినట్టు. పోయిన చలికాలం మా అక్కా బావలతో కలిసి వెళ్లాను, తిరిగిన కొద్దీ నాకు అదంతా నీళ్ల కథే అనిపించింది.

అందుకే ముందు గడీసర్ చెరువుకి వెళ్లమంటాను. 14వ శతాబ్దంలో రావల్ గడ్సీ కట్టించిన చెరువు, అప్పట్లో వాననీళ్లు తప్ప వేరే ఆధారం ఉండేది కాదు. అక్కడ ఏడాది మొత్తానికి పడేది 200 మిల్లీమీటర్ల లోపు, మనకి ఒక గట్టి తుఫాను రెండ్రోజుల్లో కురిపించేసి పోతుంది అంత వాన! ఆ కాస్త నీటినీ నేల వాలు చూసుకుని ఒకచోటికి రప్పించి, నిండాక అలుగు పారితే కింద ఇంకో చెరువుకి వెళ్లేట్టు కట్టారు, మన గొలుసుకట్టు చెరువుల లెక్కే. పైపు నీళ్లు వచ్చేదాకా ఊరికంతటికీ ఇదే దిక్కు. జనం బోటు ఎక్కి ఫోటో దిగి వెళ్లిపోతున్నారు గానీ, తీలోన్ కీ పోల్ గుమ్మం దాటాక గట్టు మీద కాసేపు కూర్చోండి. మన వైజాగ్ దగ్గర తొట్లకొండ మీద బౌద్ధ భిక్షువులు వాననీటి కోసం రాతిలో తొలిచిన తొట్లు చూసిన వాళ్లకి ఇది ఇంకా బాగా ఎక్కుతుంది. చెరువుకి దగ్గర్లోనే డెజర్ట్ కల్చరల్ సెంటర్ మ్యూజియం ఉంది, సాయంత్రం తోలుబొమ్మలు కాదు, కొయ్యబొమ్మలాట వేస్తారు, పిల్లలుంటే తప్పకుండా తీసుకెళ్లండి.

తర్వాత కోట. 1156లో రావల్ జైసల్ కట్టడం మొదలుపెట్టాడు, అంతకు ముందు వాళ్ల రాజధాని లోద్రవా, పదిహేను కిలోమీటర్ల పైన ఉంటుంది, అక్కడి జైన గుడి కూడా చూడదగ్గదే. కోటకి 99 బురుజులు, అంతా పసుపు రాయి, లోపల ఇప్పటికీ సంసారాలు చేసుకుంటున్న జనం, అరుగుల మీద ఎండబెట్టిన మిరపకాయలు, సందుకి అడ్డంగా ఆవు. 2013లో రాజస్థాన్‌లోని ఇంకో అయిదు కోటలతో కలిపి యునెస్కో లిస్టులోకి ఎక్కింది. మరి ఇంత గొప్ప కోటకి ఇప్పుడు ముప్పు ఎక్కణ్ణుంచో తెలుసా, నీళ్ల నుంచే. పూర్వం బిందెలతో మోసుకొచ్చుకునే వాళ్లు కాబట్టి చుక్క కూడా వృథా అయ్యేది కాదు, ఇప్పుడు కుళాయిలు, హోటళ్లు, రూముకో బాత్రూమ్, ఆ మురుగంతా కింద మెత్తటి రాయిలోకి, మట్టిలోకి దిగి గోడలు కుంగుతున్నాయి, కొన్ని బురుజులు కూలాయి కూడా. అందుకని దయచేసి కోట లోపల రూము తీసుకోకండి. కింద ఊళ్లో బోలెడు హోటళ్లున్నాయి, అక్కణ్ణుంచి చూస్తేనే కోట ఇంకా బావుంటుంది.

కోటలో జైన ఆలయాలకి మాత్రం పొద్దున్నే వెళ్లండి. శిల్పం సంగతి అందరూ చెప్తారు, నేను చెప్పేది అక్కడి జ్ఞాన భండారం గురించి, పాత తాటాకు గ్రంథాలు దాచిన చోటు. చుట్టూ ఎటు చూసినా తాటిచెట్టన్నది లేదు! అంటే ఆ ఆకు ఎంతో దూరం నుంచి ఒంటెల మీద వచ్చి ఉండాలి, పురుగూ చెమ్మా లేని ఆ పొడి గాలే దాన్ని కాపాడింది. మన వైపు తాటాకు ఇంటి కప్పుకి కూడా కొన్నేళ్లకోసారి మార్చుకోవాల్సిందే కదా.

హవేలీల్లో, అంటే పాతకాలం షావుకార్ల మేడల్లో, పట్వాల హవేలీ చూస్తే చాలు, ఒకే వ్యాపారి కుటుంబానికి పక్కపక్కనే అయిదు మేడలు, 19వ శతాబ్దం మొదట్లోవి, లోపల మ్యూజియం ఉంది. టైముంటే నథ్‌మల్ హవేలీ కూడా.

ఇక కుల్ధరా. ఊరికి పశ్చిమాన పద్దెనిమిది కిలోమీటర్లుంటుంది, పాలీవాల్ బ్రాహ్మణులు 19వ శతాబ్దంలో వదిలేసిపోయిన ఊరు. జైసల్మేర్ దివాను సలీం సింగ్ వేధింపులు తట్టుకోలేక ఒక్క రాత్రిలో అందరూ వెళ్లిపోయారని, శాపం పెట్టారని, దెయ్యాలని చెప్తారు, యూట్యూబ్ నిండా అవే వీడియోలు. బావుల్లో నీరు అడుగంటిపోవడం కూడా కారణమని చదివినవాళ్లు చెప్తారు, నాకు అదే నమ్మబుద్ధి అయింది. దెయ్యాల మాట వదిలేసి వీధులు చూడండి, తిన్నగా గీత గీసినట్టు, ఇంటిగోడలు నడుం ఎత్తున మిగిలాయి, ఒక గదిలో గోడకి దీపం పెట్టుకునే గూడు, దాని పైన రాయి ఇంకా కొంచెం నల్లగానే ఉంది, మా అక్క చాలాసేపు అక్కడే నిలబడిపోయింది. ఈ పాలీవాల్ వాళ్లే ఖడీన్ వ్యవసాయంలో ఆరితేరిన వాళ్లు. పల్లంలో అడ్డంగా మట్టికట్ట వేసి వాననీటిని నిలబెట్టి, అది ఇంకాక ఆ చెమ్మలో చలికాలం గోధుమలు, శనగలు వేసేవాళ్లు. ఎడారిలో గోధుమలు!

ఆకల్ ఫాసిల్ పార్కుకి ఎవరూ వెళ్లరు, బాడ్‌మేర్ రోడ్డులో 17 కిలోమీటర్లు. మేం వెళ్లేసరికి మేం తప్ప ఇంకెవరూ లేరు. ఇనప జాలీల కింద పడి ఉన్న చెట్ల మొద్దులు, దగ్గరికెళ్తే రాయి. నారలు, బెరడు మీద పగుళ్లు, అన్నీ అలాగే ఉన్నాయి. 18 కోట్ల ఏళ్ల నాటి చెట్లు, అంటే ఇప్పుడు నీటిచుక్క కోసం అల్లాడే ఆ నేల మీద అప్పుడు అడవి ఉండేదన్నమాట. మన ఎర్రమట్టి దిబ్బల్ని ఇష్టపడే వాళ్లు దీన్ని వదలకండి.

పాకిస్తాన్ సరిహద్దు దగ్గర యుద్ధం జరిగిన లోంగేవాలా గురించి వైజాగ్ వాళ్లకి ప్రత్యేకంగా చెప్పాలి. బీచ్ రోడ్డులో కురుసురా సబ్‌మెరైన్, విక్టరీ ఎట్ సీ స్మారకం చూస్తూ పెరిగిన వాళ్లం, 1971 డిసెంబర్ 3 రాత్రి దాటాక మన తీరంలో పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ మునిగిన సంగతి ఇక్కడ చిన్న పిల్లలకి కూడా తెలుసు. సరిగ్గా ఆ మర్నాటి రాత్రే దేశానికి అటు చివర మేజర్ కుల్దీప్ సింగ్ చాంద్‌పురీ, పంజాబ్ రెజిమెంట్ 23వ బెటాలియన్‌కి చెందిన సుమారు 120 మంది జవాన్లు, నలభైకి పైగా ట్యాంకులతో వచ్చిన పాకిస్తాన్ సేనని తెల్లారేదాకా ఆపారు. చీకట్లో విమానాలు రాలేవు. తెల్లారగానే జైసల్మేర్ నుంచి మన హంటర్ యుద్ధవిమానాలు వచ్చాయి, ఇసుకలో దిగబడ్డ ట్యాంకుల్ని ఒక్కొక్కటిగా కొట్టాయి. స్వాధీనం చేసుకున్న ట్యాంకు ఇప్పటికీ అక్కడే ఉంది. మా బావ డాక్‌యార్డ్‌లో పనిచేస్తారు, డిసెంబర్ 4 అంటే ఆయనకి నేవీ డేనే, అక్కడ బోర్డు మీద ఆ తారీఖు చూసి చెయ్యెత్తి సెల్యూట్ కొట్టారు. నాకూ కళ్లు చెమర్చాయి. అక్కణ్ణుంచి ఇంకా ముందుకెళ్తే తనోట్ మాత గుడి, పూజలన్నీ సరిహద్దు కాపలా కాసే బీఎస్‌ఎఫ్ వాళ్లే చేస్తారు, 1965 యుద్ధంలో పడి పేలని బాంబుల్ని లోపల అద్దాల్లో పెట్టారు. ఊరికి రానూ పోనూ రోజంతా పడుతుంది, కారు మాట్లాడుకోండి, ఐడీ కార్డు ఉంచుకోండి. అంత దూరం కుదరకపోతే జోధ్‌పూర్ రోడ్డులో వార్ మ్యూజియం ఉంది, అదైనా చూడండి.

విశాఖ నుంచి జోధ్‌పూర్ పక్కన భగత్ కీ కోఠీ దాకా వారానికోసారి ఎక్స్‌ప్రెస్ ఉంది, అక్కణ్ణుంచి జైసల్మేర్‌కి రైలో బస్సో దొరుకుతుంది. నవంబర్ నుంచి ఫిబ్రవరి లోపు వెళ్లండి, మన అరకు చలికి కొన్న స్వెట్టర్లు బయటికి తియ్యండి, పగలు ఎంత ఎండ కాసినా రాత్రి వణికిస్తుంది.