చిన్న ట్రైలర్‌కి ఇనుప జాలీ ఫ్లోర్: ఏది కొనాలి, ఎలా బిగించాలి

అమెరికాలో ఇల్లు కొన్న మనవాళ్ళు చాలామంది ఎప్పుడో ఒకప్పుడు కారు వెనక తగిలించే చిన్న ట్రైలర్ దగ్గరికి వస్తారు. లాన్ మోవర్, ఆకుల చెత్త, పాత సోఫా, తెలుగు సంఘం పండగకి మడత బల్లలు, పెద్ద గ్యాస్ పొయ్యి, ఇవన్నీ కారులో పట్టవు కదా. మాది నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు ఉండే మడత ట్రైలర్. పెట్టెలో విడిభాగాలుగా వస్తుంది, మనమే బిగించుకోవాలి, ఫ్లోర్ మాత్రం రాదు. ముప్పావు అంగుళం ప్లైవుడ్ షీటు ఒకటి తెచ్చి వేసేయమని అందరూ చెప్తారు. మేముండేది ఒహాయోలో. చలికాలమంతా రోడ్ల మీద ఉప్పు, మిగతా కాలంలో వాన, పైగా నేను మోసేది ఎక్కువగా తడి ఆకులు. ప్లైవుడ్‌కి ఎంత రంగు వేసినా బోల్టు రంధ్రాల దగ్గర నీళ్ళు తాగి పొరలు పొరలుగా ఊడుతుంది. అందుకే జాలీ.

ముందే ఒక మాట చెప్పేస్తాను, బరువు తగ్గుతుందని మాత్రం జాలీ కొనకండి. ట్రైలర్ ఫ్లోర్లకి ఎక్కువగా వాడేది ఎక్స్‌పాండెడ్ మెటల్, అంటే రేకుకి వరసగా గాట్లు పెట్టి సాగదీస్తే డైమండ్ ఆకారంలో కళ్ళు తెరుచుకునే రకం. అందులో ముప్పావు అంగుళం కన్ను, 9 నంబరు మందం తీసుకుంటే చదరపు అడుగుకి సుమారు 1.8 పౌండ్లు, 4×8 షీటు మొత్తం దాదాపు 58 పౌండ్లు. ప్లైవుడ్ షీటు కూడా అటూ ఇటూగా అంతే. పైగా జాలీ తనంతట తాను నిలబడదు, కింద అదనంగా ఎల్ యాంగిల్ పట్టీలు వేయాలి. అంగుళన్నర యాంగిల్, ఎనిమిదో వంతు అంగుళం మందంది, అడుగుకి 1.23 పౌండ్లు ఉంటుంది, నాలుగడుగుల ముక్కలు మూడు వేస్తే ఇంకో 15 పౌండ్లు. అంటే బరువు లెక్క సమానం, ఒక్కోసారి ఎక్కువే. లాభమల్లా నీళ్ళు నిలవకపోవడం, ఇంటికొచ్చి పైపుతో కొడితే ఉప్పూ మట్టీ కిందికి పోవడం. అదే మందంలో గళ్ళ రేకు వేద్దామనుకునేవాళ్ళకి, ఎనిమిదో వంతు అంగుళం మందం రేకు చదరపు అడుగుకి ఐదు పౌండ్ల పైనే, షీటు 160 పౌండ్లు దాటుతుంది. చిన్న ట్రైలర్‌కి అది దండగ, మోయాల్సిన సరుకు బరువులోంచి పోతుందది.

షాపులో ఒకే కొలత కన్నుతో 13 నంబరు కూడా దొరుకుతుంది (నంబరు పెరిగేకొద్దీ మందం తగ్గుతుంది), చదరపు అడుగుకి 0.8 పౌండు, ధర తక్కువ, చూడ్డానికి ఒకేలా ఉంటుంది. అది కిటికీలకీ యంత్రాల మీద మూతలకీ పనికొస్తుంది, మనిషి ఎక్కి నిలబడే చోట కాదు. కాలు పెడితే కుంగుతుంది, కుంగినచోట మళ్ళీ సాఫుగా రాదు. రెండిటినీ చేత్తో పట్టుకుని చూస్తే తేడా వెంటనే తెలుస్తుంది. ఇంటి సామాన్ల పెద్ద షాపుల్లో ఎక్కువగా చిన్న ముక్కలే ఉంటాయి, పూర్తి షీటుకి ఇనుము అమ్మే యార్డుకి వెళ్ళాలి. తోలు గ్లౌజులు మర్చిపోవద్దు, కత్తిరించిన అంచు చెయ్యి చీరేస్తుంది.

గరుకు రకమా, చదును చేసిన రకమా అన్నది రెండో ప్రశ్న. గరుకు దాంట్లో ప్రతి కన్నూ కాస్త పైకి లేచి ఉంటుంది, తడిలో కాలు జారదు, కానీ అట్టపెట్టెలు లాగితే చీరుకుపోతాయి, దాని మీద మోకాళ్ళేసి కూర్చుంటే ఆ రోజంతా గుర్తుంటుంది. చదునుది లాగడానికి బాగుంటుంది, తడిస్తే జారుడు. మోవర్ ఎక్కించేవాళ్ళకి నా ఓటు గరుకు రకానికే.

నా ఉద్దేశంలో జాలీ మందం కన్నా కింద పట్టీల మధ్య దూరమే ముఖ్యం. మందం గురించి అందరూ గంటలు గంటలు మాట్లాడతారు, పట్టీల గురించి ఎవరూ అడగరు. ఈ మడత ట్రైలర్ ఫ్రేమ్‌లో అడ్డ పట్టీలు చాలా దూరదూరంగా ఉంటాయి, ప్లైవుడ్ దానంతటదే గట్టిగా ఉంటుంది కాబట్టి సరిపోతుంది, జాలీకి సరిపోదు. పదహారు అంగుళాలకి మించకుండా ఒక ఆధారం వచ్చేలా యాంగిల్ వేయండి, బరువైన మోవర్ అయితే పన్నెండుకి దింపండి. ఇంకోటి, డైమండ్ కన్ను పొడవు వైపు ఒక పట్టీ నుంచి ఇంకో పట్టీకి వెళ్ళేలా పరచాలి, అటువైపే జాలీకి బలం. షీటు కొనేముందే కన్ను ఎటు పొడవుగా ఉందో చూసుకుని, మీ పట్టీలు ఎటు వెళ్తున్నాయో దానితో పోల్చుకోండి. ఇంటికి తెచ్చాక తిప్పుదామంటే కొలత కుదరదు. మడత ట్రైలర్ కాబట్టి షీటుని మధ్యలో రెండు ముక్కలు చేయాలి, ఆ రెండు అంచుల కిందా తప్పనిసరిగా ఆధారం ఉండాలి.

వెల్డింగా బోల్టులా అంటే, ఈ రకం పల్చటి ఫ్రేమ్‌కి నేను బోల్టులే అంటాను. జాలీ మీద అంగుళం వెడల్పు ఫ్లాట్ పట్టీ పెట్టి, దాన్ని కింది యాంగిల్‌తో కలిపి బోల్టు బిగిస్తే జాలీ రెండిటి మధ్యా నొక్కుకుని ఉంటుంది, పదునైన అంచు కూడా ఆ పట్టీ కింద దాక్కుంటుంది. నైలాన్ లాక్ నట్లు వాడండి, ట్రైలర్ అదురుకి మామూలు నట్లు ఊడొస్తాయి. మందమైన ఫ్రేమ్ ఉండి వెల్డింగే చేస్తామనేవాళ్ళకి రెండు హెచ్చరికలు. జింకు పూత ఉన్న జాలీని అలాగే వెల్డ్ చేస్తే వచ్చే తెల్లటి పొగ పీలిస్తే రాత్రికి చలిజ్వరం వస్తుంది, కాబట్టి ఆ చోట పూత గ్రైండర్‌తో తీసేసి, గాలి బాగా ఆడే చోట చేయండి. రెండోది ఇంకా ప్రమాదం: క్లోరిన్ ఉండే బ్రేక్ క్లీనర్‌తో జిడ్డు తుడిచి దాని మీద వెల్డింగ్ పెడితే ఫాస్జీన్ అనే విషవాయువు పుట్టగలదు. అసిటోన్‌తో తుడిచి, పూర్తిగా ఆరాక, సీసా దూరంగా పెట్టేసి మొదలుపెట్టండి. జాలీకి ఆర్క్, అంటే వెల్డింగ్ కొస దగ్గర పుట్టే నిప్పు, నేరుగా తగిలితే కరిగి రంధ్రం పడుతుంది, అందుకని మందమైన యాంగిల్ మీద ఆర్క్ పెట్టి కరిగిన లోహాన్ని జాలీ మీదకి నడపాలి. మధ్య నుంచి అంచులకి వెళ్తూ చిన్న చిన్న టాకాలు వేస్తే షీటు ఉబ్బదు.

ఇక రంగు. మామూలు ఇనుప జాలీ నూనె జిడ్డుతో వస్తుంది, అది కడగకుండా వేసిన రంగు ఒక్క చలికాలానికే పెచ్చులూడుతుంది. జిడ్డు పోయేలా కడిగి, ఆరబెట్టి, కత్తిరించిన కొసలన్నీ ఆకురాయితో అరగదీసి, అప్పుడు ప్రైమర్, అంటే రంగు కింద వేసే మొదటి పూత. స్ప్రే డబ్బాలు కొనొద్దు, సగానికి పైగా రంగు కన్నుల్లోంచి గాలిలో కలిసిపోతుంది. షీటుని నిలబెట్టి ఫోమ్ రోలర్‌తో రెండు వైపులా వేస్తే రంగు కన్నుల అంచుల చుట్టూ తిరిగి పట్టుకుంటుంది. పదును అంచుల దగ్గర తడి రంగు వెనక్కి జరిగి పల్చబడుతుంది, తుప్పు మొదలయ్యేది అక్కడే, కాబట్టి అంచులకి ముందు బ్రష్‌తో ఒక పూత వేసి తర్వాత మొత్తం వేయండి. ఓపికగా అంచులు చేసేవాడి జాలీ నాలుగేళ్ళు నిలుస్తుంటే, తొందరపడినవాడిది మళ్ళీ వసంతానికి ఎర్రబడుతుంది. ఈ పనంతా బిగించకముందే చేయాలి, బిగించాక పట్టీల కింద రంగు చేరదు.

డబ్బు పెట్టగలిగితే అన్నిటికన్నా మంచిది హాట్ డిప్, అంటే ఇనుమంతా సుమారు 450 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగిన జింకులో ముంచడం. జాలీ తయారయ్యాక ముంచారా, ముందే జింకు పూసిన రేకుని కోసి సాగదీశారా అని యార్డులో అడగండి, రెండో రకానికి ప్రతి కన్ను లోపలి అంచూ బోడిగానే ఉంటుంది. మొదటి రకమైనా మీరు కోసిన చోట జింకు ఎక్కువున్న ప్రైమర్ పూయాలి. కొత్త జింకు మీద మామూలు ఆయిల్ పెయింట్ నిలవదు, రంగే కావాలంటే జింకు కోసం చేసిన ప్రైమర్ ముందు వేసుకోవాలి. అల్యూమినియం జాలీ తేలికే, కానీ ఇనుప ఫ్రేమ్‌కి నేరుగా తగిలి ఉప్పునీళ్ళు పడితే అల్యూమినియం తినుకుపోతుంది, మధ్యలో రబ్బరో ప్లాస్టిక్కో పెట్టే ఓపిక ఉంటేనే.

ఏవి మోయలేమో కూడా చెప్పాలిగా. మల్చ్ (మొక్కల మొదళ్ళలో పరిచే చెక్క పొట్టు), ఇసుక, కంకర దారంతా రాలుస్తూ వెళ్తారు, వెనక వచ్చే కారు అద్దం పగిలితే గొడవ మనకే. వాటికి టార్పాలిన్ పరిచి దాని మీద వేసుకోవాలి, దించేటప్పుడు పార గరుకు జాలీకి తగులుకుని విసుగొస్తుంది. వారం వారం మట్టి తోలేవాళ్ళకి ప్లైవుడ్డే హాయి. సామాను కట్టే పట్టీల కొక్కాలు జాలీ కన్నుల్లో వేయకండి, లాగితే కన్ను సాగిపోతుంది, ఫ్రేమ్‌కే వేయండి. బిగించాక మొదటిసారి హైవే మీద తిప్పి తెచ్చిన రోజే పానా పట్టుకుని నట్లన్నీ ఒకసారి చూడండి, రంగు పొర నలిగి కొన్ని తప్పకుండా వదులవుతాయి.