లైట్లు వెలుగుతాయి, హీటర్ అంటుకోదు: మా క్యాంపర్‌లో 12 వోల్ట్ల వైరింగ్

మేముండేది టెక్సాస్‌లో, డాలస్ దగ్గర. పిల్లలతో నేషనల్ పార్కులు తిరగడానికి పాత ట్రావెల్ ట్రైలర్ ఒకటి కొన్నాం. పికప్ ట్రక్కు వెనక తగిలించుకుని లాక్కెళ్లే చిన్న ఇల్లు లాంటిది. ఇందులో రెండు రకాల కరెంటు ఉంటుంది. క్యాంప్‌గ్రౌండ్‌లో ప్లగ్గు పెడితే వచ్చే 120 వోల్ట్ల ఏసీ కరెంటు ఒకటి, మైక్రోవేవ్‌కీ ఎయిర్ కండిషనర్‌కీ అదే కావాలి. లైట్లు, నీళ్ల పంపు, గ్యాస్ హీటర్ ఫ్యాను, ఫ్రిజ్ సర్క్యూట్ బోర్డు, గ్యాస్ లీకైతే అరిచే అలారం, ఇవన్నీ నడిచేది 12 వోల్ట్ల డీసీ మీద. ప్లగ్గులో ఉన్నంతసేపు కన్వర్టర్ అనే పెట్టె 120ని దాదాపు 13.6 వోల్ట్ల డీసీగా మార్చి వీటిని నడుపుతుంది, బ్యాటరీని కూడా నింపుతుంది. ప్లగ్గు తీశాక భారమంతా బ్యాటరీదే.

12 వోల్ట్లంటే చాలామందికి లెక్కలేదు. ముట్టుకున్నా షాక్ కొట్టదు కదా అంటారు. షాక్ కొట్టదు, నిజమే. కానీ 60 వాట్ల పనికి మన ఊళ్లో 230 వోల్ట్ల మీద పావు ఆంపియరు చాలు, ఇక్కడ ఇంట్లో 120 మీద అర ఆంపియరు, అదే 12 వోల్ట్ల మీద 5 ఆంపియర్లు పారాలి. వైరులో పుట్టే వేడి ఆంపియర్ల వర్గాన్ని బట్టి పెరుగుతుంది. అందుకే ఇంటి వైరింగులో ఏళ్ల తరబడి బయటపడని లూజ్ జాయింటు ఇక్కడ ఒక్క చలికాలంలో బయటపడుతుంది. ఆ జాయింటు చుట్టూ ఉండేది చెక్క, ఫోము, పలచటి ప్లైవుడ్డు. ఈ పని నేను అంత జాగ్రత్తగా చేయడానికి కారణం అదే.

టెక్సాస్‌లోనే ఉన్న పాలో డ్యూరో కాన్యన్ పార్కుకి వెళ్లినప్పుడు అంతా బాగానే ఉంది. అక్కడ సైటు దగ్గరే కరెంటు ఉంటుంది. తర్వాత గ్వాడలూప్ మౌంటెన్స్ నేషనల్ పార్కుకి వెళ్లాం. టెక్సాస్‌లోకెల్లా ఎత్తయిన శిఖరం, 8,751 అడుగులు, ఉన్నది అక్కడే. పైన్ స్ప్రింగ్స్ క్యాంప్‌గ్రౌండ్‌లో ట్రైలర్లకు కరెంటు కనెక్షన్ ఉండదు. గాలి విపరీతం, రాత్రి చలి. థర్మోస్టాట్ తిప్పితే హీటర్ ఫ్యాను తిరిగింది, నిప్పు మాత్రం అంటుకోలేదు. లైట్లు చక్కగా వెలుగుతున్నాయి, పంపు నీళ్లు పోస్తోంది, స్టవ్వు మీద గ్యాసు వస్తోంది. ఆ రాత్రి పిల్లలకు ఉన్న దుప్పట్లన్నీ కప్పాం, టెన్షన్‌తో మా ఇద్దరికీ నిద్ర పట్టలేదు.

ఇంటికొచ్చి ప్లగ్గు పెడితే అదే హీటర్ ఠక్కున అంటుకుంది. తిప్పలన్నీ ఇక్కడే మొదలవుతాయి. చాలామంది ఈ దశలో హీటర్ బోర్డు మార్పిస్తారు, కొన్ని వందల డాలర్లు పోతాయి. ప్లగ్గు మీద పనిచేస్తూ బ్యాటరీ మీద పనిచేయని వస్తువులో బోర్డు చెడిపోయి ఉండే అవకాశం తక్కువ.

ఈ హీటర్ ఎలా నడుస్తుందో తెలిస్తే జబ్బు ఎక్కడుందో సగం తెలిసినట్టే. ముందు ఫ్యాను తిరుగుతుంది. ఆ గాలి తోస్తే లోపల ఒక పలచటి రేకు కదిలి ఒక స్విచ్చు పడుతుంది. సెయిల్ స్విచ్ అంటారు దాన్ని. అది పడితేనే గ్యాసు వాల్వు తెరుచుకుంటుంది, స్పార్కు వస్తుంది. గాలి చాలకపోతే రేకు కదలదు, గ్యాసు రాదు. ఇది మన ప్రాణం కాపాడే ఏర్పాటు. మంటకు తగ్గ గాలి ఆడకుండా గ్యాసు వదలకూడదు. అంటే ఫ్యాను తిరిగితే చాలదు, తగినంత వేగంగా తిరగాలి. వేగం వోల్టేజీని బట్టి ఉంటుంది.

మా నాన్న తెనాలి దగ్గర చాలా ఏళ్లు మోటార్లు వైండింగ్ చేసేవారు. వీడియో కాల్‌లో ఆయనకు రెండు మోతలూ వినిపించాను, ప్లగ్గు మీద ఒకటి, బ్యాటరీ మీద ఒకటి.

"రెండోది బరువుగా తిరుగుతోందిరా. వోల్టేజ్ అందట్లేదు. మీటర్ పెట్టి చూశావా?"

"చూశాను నాన్నా. హీటర్ దగ్గర పన్నెండున్నర ఉంది."

"మోటారు తిరుగుతున్నప్పుడా, ఆగి ఉన్నప్పుడా?"

"ఆగి ఉన్నప్పుడు."

"లోడు లేనప్పుడు ఏ జాయింటైనా మంచిదే. తిరుగుతున్నప్పుడు చూడు."

ఆయన చెప్పిన ఆ ఒక్క ముక్క మీదే మిగతా పనంతా నడిచింది. కాలువ చివరి పొలాలకు నీళ్లు అందాయా లేదా అనేది పైవాళ్లంతా తూములు ఎత్తినప్పుడే తెలుస్తుంది, కరెంటూ అంతే. ఆంపియర్లు పారకపోతే తుప్పు పట్టిన జాయింటు కూడా పూర్తి వోల్టేజీ చూపిస్తుంది.

ప్లగ్గు తీసి హీటర్ ఆన్ చేయించి, మీటర్‌తో ఒక్కో ముక్కా కొలిచాను. ఇక్కడ చేయాల్సింది మామూలుగా ప్లస్‌కీ మైనస్‌కీ మధ్య కొలవడం కాదు. ఒకే వైరుకు ఈ కొసనా ఆ కొసనా మీటర్ పుల్లలు పెట్టాలి. వైరూ జాయింట్లూ బాగుంటే దాదాపు సున్నా చూపిస్తుంది. ఎంత చూపిస్తే అంత ఆ ముక్క మింగేస్తున్నట్టు. బ్యాటరీ దగ్గర లోడు మీద 12.3 ఉంది. బ్యాటరీ ప్లస్ నుంచి ఫ్యూజ్ ప్యానెల్ దాకా 0.3 పోతోంది, అక్కణ్నుంచి హీటర్ దాకా 0.2. హీటర్ దగ్గర మాత్రం 10.2 మిగిలింది. ఇంకా 1.6 లెక్క తేలాలి. ఒక పుల్ల బ్యాటరీ మైనస్ మీద, రెండోది ట్రైలర్ చాసిస్ (కింది ఇనుప చట్రం) మీద రంగు గీకిన చోట పెట్టాను. 1.6 వోల్ట్లు! ఆ మైనస్ కేబులు మొత్తం రెండడుగులు కూడా లేదు.

ఇలాంటి ట్రైలర్లలో మైనస్ కనెక్షన్ అంతా ఇనుప చాసిస్ మీదుగా తిరిగి బ్యాటరీకి చేరుతుంది. బ్యాటరీ మైనస్ నుంచి వచ్చే కేబులుని ట్రైలర్ ముందు భాగంలో చాసిస్‌కు బిగిస్తారు. మా దాంట్లో కేబులు కొసనుండే లగ్గుని (బోల్టు దూర్చే రింగు లాంటిది) నల్ల రంగు మీదే ఒక స్క్రూతో బిగించేశారు. రోడ్డు మీద నీళ్లు, మట్టి, చలికాలంలో మంచు కరగడానికి చల్లే ఉప్పు, అన్నీ నేరుగా కొట్టేది అక్కడే. స్క్రూ చుట్టూ ఎర్రటి తుప్పు, లగ్గు మెడ దగ్గర రాగి మీద పచ్చటి చిలుము. దాదాపు 8 ఆంపియర్లు లాగే హీటర్ నడుస్తుంటే 1.6 వోల్ట్లంటే ఆ జాయింటు దగ్గరే 13 వాట్లు వేడిగా పోతున్నట్టు. కాసేపటికి లగ్గు చేతికి వెచ్చగా తగిలింది.

లైట్లు ఎందుకు బాగానే వెలిగాయో ఇప్పుడు అర్థమైంది. ఎల్‌ఈడీ లైటు లాగేది ఆంపియరులో చిన్న భాగం, దానికి ఈ జాయింటు అడ్డే కాదు. ప్లగ్గు మీద హీటర్ ఎందుకు నడిచిందో కూడా తేలింది. కన్వర్టర్ ఫ్యూజ్ ప్యానెల్‌లోనే ఉంటుంది, అక్కణ్నుంచి హీటర్‌కు వెళ్లే దారిలో ఈ జాయింటు రాదు. ఇంకో చిక్కుముడి కూడా విడిపోయింది. ఇదే జాయింటు గుండా బ్యాటరీ నిండాలి కాబట్టి, రాత్రంతా ప్లగ్గులో ఉంటే నిండేది, రెండు మూడు గంటలైతే సగం కూడా అయ్యేది కాదు. బ్యాటరీ పాడైందని అనుకుని కొత్తది కొనేవాళ్లు ఈ పరీక్ష ఒకసారి చేసి చూడండి.

బాగుచేయడానికి బ్యాటరీ రెండు కేబుళ్లూ విప్పాను, ముందు మైనస్, తర్వాత ప్లస్. చాసిస్ మీద రూపాయి బిళ్లంత మేర రంగు, తుప్పు పోయి ఇనుము మెరిసేదాకా ఎమరీ పేపరుతో రుద్దాను. స్క్రూ బదులు ఇటు నుంచి అటు దూరే బోల్టు, పళ్ల వాషరు, నట్టు. కొత్త 6 గేజ్ కేబులుకి (గేజ్ అంకె తగ్గేకొద్దీ వైరు లావు) మందపాటి రాగి లగ్గు పెట్టి, లగ్గుని తీగల మీద బిగించే పెద్ద క్రింపింగ్ టూలుతో నొక్కించాను. కటింగ్ ప్లేయరుతో నొక్కితే పైకి గట్టిగానే కనబడుతుంది, లోపల తీగల మధ్య గాలి ఉండిపోతుంది. దాని మీద వేడికి ముడుచుకుపోయే, లోపల జిగురున్న హీట్ ష్రింక్ ట్యూబు తొడిగి వేడి చేసి, బోల్టు బిగించాక పైన రంగు కొట్టాను. మళ్లీ కొలిస్తే అదే చోట 0.03 వోల్ట్లు. హీటర్ దగ్గర 11.8. ఫ్యాను మోత మారిపోయింది, నిప్పు అంటుకుంది.

దీని తర్వాతే కొత్త వైరింగ్‌కి దిగాను. పిల్లలు పడుకునే బంక్ బెడ్ల దగ్గర యూఎస్‌బీ సాకెట్లు, పైకప్పుకి గాలి లాగే పెద్ద ఫ్యాను, వంట గట్టు కింద ఎల్‌ఈడీ పట్టీ. పాత లైటు వైరులో నుంచి అన్నింటికీ కనెక్షన్ లాక్కోవడం నాకు ఇష్టం లేదు. ఆరు ఫ్యూజులు పట్టే చిన్న ఫ్యూజు బ్లాకు ఒకటి పెట్టి, బ్యాటరీ నుంచి 6 గేజ్ కేబులు లాగి, బ్యాటరీ పక్కనే 50 ఆంపియర్ల ఫ్యూజు వేశాను. ఆ ఫ్యూజు బ్యాటరీకి 18 అంగుళాల లోపే ఉండాలని ఇక్కడి ఎలక్ట్రికల్ కోడు చెబుతుంది. ఫ్యూజుకి ముందున్న వైరు ఎక్కడైనా చాసిస్‌కు తగిలి ఒరుసుకుపోతే దాన్ని ఆపే నాథుడు ఉండడు. ఫ్యూజు ఉన్నది వైరుని కాపాడటానికి, వస్తువుని కాదు. అందుకే 14 గేజ్‌కి 15 ఆంపియర్లు, 12 గేజ్‌కి 20, 10 గేజ్‌కి 30, దీన్ని దాటకూడదు. ఫ్యూజు మాటిమాటికీ పోతోందని నీలం రంగు 15 తీసేసి ఆకుపచ్చ 30 వేసే అలవాటు చాలా ప్రమాదం.

ఫ్యాను ఫుల్ స్పీడులో 5 ఆంపియర్ల దాకా లాగుతుంది. బ్లాకు నుంచి దానికి 15 అడుగులు, రానూపోనూ 30. సన్నటి 18 గేజ్ వేస్తే దాదాపు ఒక వోల్టు దారిలోనే పోతుంది, 14 గేజ్‌లో 0.4 కూడా పోదు. తేడా కొన్ని డాలర్లే, 14 వేశాను.

వైర్ల రంగుల దగ్గర మాత్రం మన ఊరి నుంచి వచ్చినవాళ్లు ఆగి ఆలోచించాలి. కార్లలో నలుపు అంటే మైనస్. ట్రైలర్ 12 వోల్ట్ల వైరింగ్‌లో తెలుపు మైనస్, నలుపు ప్లస్ కావడం మామూలు. అదే గోడ వెనక 120 వోల్ట్ల కేబులులో నలుపు ఫేజు, తెలుపు న్యూట్రల్! గోడ ప్యానెల్ విప్పేముందు బయటి ప్లగ్గు పీకేయాలి, బ్యాటరీ కూడా విప్పాలి. వైరు దగ్గర పెడితే కూసే పెన్ను టెస్టరు ఏసీనే పట్టుకుంటుంది, డీసీ ఉన్నా అది మౌనంగానే ఉంటుంది. మీటర్ ఒక్కటే దిక్కు. ఎల్‌ఈడీలు కొనేటప్పుడు 10 నుంచి 30 వోల్ట్ల వరకు తట్టుకునేవి చూడండి. కన్వర్టర్ బ్యాటరీని నింపేటప్పుడు 14.4 దాకా వెళ్తుంది, 12కి మాత్రమే చేసిన చవక పట్టీలు ఆ వోల్టేజీకి త్వరగా మాడిపోతాయి.

వైర్లు లాగుతుంటే పాత యజమాని వేసిన క్లిప్పులు కూడా దొరికాయి. వైరు కోయకుండా పైనుంచి నొక్కితే కనెక్షన్ ఇచ్చే నీలం ప్లాస్టిక్కువి. గుమ్మం లైటు అప్పుడప్పుడు మినుకుమినుకుమనడానికి కారణం అదే. రోడ్డు అదురుకి ఆ బ్లేడు లోపలి తీగల్ని ఒక్కొక్కటే తెంపేస్తుంది. అన్నీ కోసేసి క్రింప్ జాయింట్లు వేశాను.

చివరికి మిగిలింది, స్టోరేజ్‌లో పెట్టిన ట్రైలర్‌లో బ్యాటరీ దిగిపోవడం. బ్యాటరీ మైనస్ విప్పి మధ్యలో మీటర్‌ని ఆంపియర్ల మీద పెట్టాను. అన్నీ ఆపేసినా 0.4 ఆంపియర్లు పోతున్నాయి. మాది 100 ఆంపియర్ అవర్ల (ఒక ఆంపియరు చొప్పున 100 గంటలు) లెడ్ యాసిడ్ బ్యాటరీ, సగం కన్నా కిందికి దించకూడదు. ఈ లెక్కన ఐదు రోజుల్లో ఆ సగం అయిపోతుంది. ఒక్కో ఫ్యూజే పీకుతూ మీటర్ చూశాను. రేడియో ఫ్యూజు తీయగానే సగానికి పైగా తగ్గింది. మిగిలింది గ్యాసు అలారం, ఫ్రిజ్ బోర్డు. గ్యాసు అలారానికి స్విచ్చు పెట్టి ఆపుకుంటారు కొందరు, అది చేయొద్దు. రేడియోకి స్విచ్చు పెట్టాను. ట్రైలర్‌లో ఎవరూ ఉండకుండా స్టోరేజ్‌కి పంపేటప్పుడు బ్యాటరీ దగ్గర మెయిన్ డిస్కనెక్ట్ స్విచ్చు తిప్పి మొత్తం ఆపేస్తాను.

ఇప్పుడు లిథియం బ్యాటరీ వేద్దామని మా ఆవిడ అంటోంది. బరువు తక్కువ, దాదాపు మొత్తం వాడుకోవచ్చు. అయితే మా కన్వర్టర్ లెడ్ యాసిడ్ కోసం చేసింది, దాన్నీ మార్చాలి. నీళ్లు గడ్డకట్టే చలిలో లిథియంని ఛార్జ్ చేయకూడదు కాబట్టి చల్లబడితే ఛార్జింగ్ తనంతట తానే ఆపుకునే రకం కొనాలి. ధరలు చూస్తున్నాం.