థర్మాకోల్ దిమ్మెలతో ఈతకొలను కట్టాం

దిమ్మె చేతికి రాగానే నాన్న దాన్ని బొటనవేలితో నొక్కి చూశారు. గోరు దిగింది. "ఏమ్మా, గోరు దిగే దాంట్లో కాంక్రీటు పోస్తావా?" అన్నారు. ముప్పై ఏళ్లు మేస్త్రీగా చేసిన మనిషి. సెంట్రింగ్ కొట్టడం, కాంక్రీటు గట్టిపడ్డాక విప్పడం, ఆయనకు తెలిసిన పద్ధతి అదే. విప్పకుండా గోడలోనే వదిలేసే సెంట్రింగ్ అంటే ఆయనకు మింగుడుపడలేదు.

కొలను అమ్మ కోసం. మోకాళ్లు అరిగిపోయాయి, నేల మీద పది నిమిషాలు నడిస్తే మర్నాడంతా మంచమే. నీళ్లలో మాత్రం అరగంట హాయిగా నడవగలదు. కాకపోతే నీళ్లు చల్లగా ఉంటే కీళ్లు బిగుసుకుపోతాయి. అందుకే రోజూ పొద్దున 30 డిగ్రీల దగ్గర ఉండే నీళ్లు కావాలనుకున్నాను. మామూలు కాంక్రీటు గోడ ఆ వేడిని రాత్రీపగలూ మట్టిలోకి లాగేస్తూ ఉంటుంది. థర్మాకోల్ దిమ్మెల గురించి చదవడం అలా మొదలైంది.

ఒక్కో దిమ్మెకు రెండున్నర అంగుళాల మందం పలకలు రెండు, మధ్యలో ఆరంగుళాల ఖాళీ, రెండు పలకలనూ పట్టి ఉంచే ప్లాస్టిక్ బంధాలు. పొడవు 48 అంగుళాలు, ఎత్తు 16. గాడిలో గాడి కూర్చుంటూ ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. ఆ ఖాళీలో ఇనుము కట్టి కాంక్రీటు పోస్తే గోడ తయారు. ఇదేమీ కొత్త ముచ్చట కాదని నాన్నకు చెప్పాను. 1966లో వెర్నర్ గ్రెగోరీ అనే కెనడా కాంట్రాక్టరు పేటెంటుకు పెట్టిన దిమ్మె పొడవు, ఎత్తు కూడా ఇవేనని, అప్పట్లో బంధాలు లోహంతో చేసేవారని చెప్పాను. ఆయన ఏమీ అనకుండా టేపు తీసి దిమ్మెను కొలుచుకున్నారు.

మా కొలను పొడవు 8 మీటర్లు, వెడల్పు 4, నీటి లోతు 1.4. నాలుగు వరసలు పేరిస్తే ఎత్తు సరిపోయింది. మొత్తం సుమారు 80 దిమ్మెలు. ఒక్కరే రెండేసి మోసుకెళ్లగలిగేంత తేలిక కాబట్టి పేర్చడం తొందరగానే అయిపోయింది. అసలు పని ఇనుములో ఉంది. ఇంటి గోడకు గీసిన డ్రాయింగు కొలనుకు పనికిరాదు. నీళ్లు నిండుగా ఉన్నప్పుడు గోడను బయటికి తోస్తాయి, కొలను ఖాళీ చేసిన రోజు బయటి మట్టి లోపలికి తోస్తుంది. కొలను ఖాళీగా ఉన్నా మట్టి బరువును గోడ ఒంటరిగా ఆపగలగాలి. అందుకే ఇంజనీరు చేత విడిగా లెక్క వేయించాం. నేల స్లాబులోంచి పైకి వదిలిన రాడ్లు ఎక్కడ ఉండాలో, గోడ రాడ్లు వాటికి ఎంత పొడవున ఆనుకోవాలో ఆయన గీసిచ్చినట్టే కట్టాం. స్లాబు, గోడ కలిసే చోట నీరు తగిలితే ఉబ్బే పట్టీ వేశాం. నీళ్లు కారడానికి ఎక్కువ అవకాశం ఉండేది ఆ అతుకు దగ్గరే.

గొట్టాలన్నీ కాంక్రీటుకు ముందే కూర్చోవాలి. పైనీళ్లను లాగే స్కిమ్మరు, నీళ్లు తిరిగొచ్చే మూతులు, లైటు గూడు, అన్నిటికీ చేతిరంపంతో థర్మాకోల్ కోశాను. అడుగున నీళ్లు లాగే జాలీలు రెండు, దూరదూరంగా పెట్టించాను. ఒక్కటే ఉంటే ఎవరైనా దాని మీద పడుకున్నట్టు ఆనినప్పుడు పంపు గుంజుడుకు అక్కడే అతుక్కుపోయే ప్రమాదం ఉంది. రెండుంటే ఒకటి మూసుకున్నా పంపు రెండోదాంట్లోంచి లాగుతుంది. ఎవరు కొలను కట్టినా ఈ ఒక్క విషయంలో రాజీ పడొద్దని చేతులెత్తి అడుగుతున్నాను.

కాంక్రీటు పోసే ముందు రాత్రి నాకు నిద్ర లేదు. తడి కాంక్రీటు ఘనపు మీటరు సుమారు 2,400 కిలోలు. 1.6 మీటర్ల ఎత్తూ ఒకేసారి నింపితే అడుగు దిమ్మె మీద చదరపు మీటరుకు దాదాపు 3.8 టన్నుల ఒత్తిడి. గోరు దిగే పలక అంత ఒత్తిడిని ఆపుతుందా అంటే, పలక ఒక్కటే ఆపదు, లోపలి బంధాలు ఆపుతాయి. అందుకే చుట్టూ తిరుగుతూ ఒక్కో విడతకు రెండడుగుల లోపే పోశాం. కింది పొర కాస్త బిగిశాక పైది. కంకర 10 మిల్లీమీటర్లదే వాడాం. అంతకంటే పెద్దదైతే బంధాల మధ్య ఇరుక్కుని గోడలో గుంతలు మిగిలిపోతాయి. వైబ్రేటరు కూడా సన్నటి సూదిది.

మూడో విడతలో స్కిమ్మరు పక్కన గోడ పొంగింది. నాన్న నాలుగు గోడలకూ దారాలు కట్టి వాటినే చూస్తూ తిరుగుతున్నారు. "ఆపండి!" అని ఆయన అరిచేదాకా నేను గమనించలేదు. తప్పు నాదే. స్కిమ్మరు కోసం కోసినప్పుడు రెండు బంధాలు తెగాయి, ఆ చోట బయటి నుంచి చెక్క వేసి బిగించడం మర్చిపోయాను. నాన్న ఒక ప్లైవుడ్ ముక్కను అక్కడ ఆనించి, దానికి వాలు కర్ర పెట్టి, కాలితో తన్ని బిగించారు. అంతా నిమిషంలో అయిపోయింది. ముప్పై ఏళ్ల అనుభవం అంటే ఏమిటో ఆ నిమిషంలో చూశాను. ఎనిమిది మిల్లీమీటర్ల పొంగు మిగిలింది, దాన్ని తర్వాత ఆకురాయితో అరగదీశాను.

అమ్మ మనసంతా నీలం టైల్స్ మీద ఉంది. థర్మాకోల్ మీద నేరుగా టైల్స్ అంటించడం నాకు ఇష్టం లేదు. అడుగున మెత్తన ఉంటే పైన గట్టి పలక పగలడానికి ఎంతో కాలం పట్టదు. అందుకని మెట్లు, గట్టు మాత్రం గట్టి కాంక్రీటుతో కట్టి అక్కడ నీలం టైల్స్ వేయించాం. మిగతా కొలనంతా ఒకటిన్నర మిల్లీమీటర్ల పీవీసీ పొర, దాని కింద మందపాటి ఫెల్టు. ఏ జిగురైనా ముందు ముక్క మీద పరీక్షించాకే వాడాలి. సాల్వెంట్ ఉన్న ఒక జిగురును మిగిలిన దిమ్మె మీద రాస్తే, చూస్తుండగానే థర్మాకోల్ కరిగి గుంత పడింది. గోడ మీద రాసి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది. బయటి వైపు తేమ దిగకుండా వేసే పొర కూడా సాల్వెంట్ లేని, అంటించే రకమే వేశాం. ఎండ తగిలితే థర్మాకోల్ పసుపెక్కి పొడి రాలుతుంది కాబట్టి నేల పైకి కనిపించే భాగానికి ప్లాస్టరింగ్ తప్పలేదు.

చుట్టూ కంకర, అడుగున నీరు పోయే గొట్టం వేసి, లోపల నీళ్లు నింపుతూ బయట మట్టి పూడ్చుకుంటూ వచ్చాం, రెండువైపులా ఒత్తిడి సమంగా ఉండేలా.

ఇక వేడి సంగతి. కొలనులో సుమారు 45 వేల లీటర్లు. ఒక్క డిగ్రీ పెంచడానికి, కరెంటు లెక్కలో చెప్పాలంటే, 52 యూనిట్ల వేడి కావాలి. నీళ్లకూ మట్టికీ 12 డిగ్రీల తేడా ఉందనుకుంటే, నా లెక్క ప్రకారం మా గోడల గుండా రోజుకు మూడు యూనిట్లయినా పోదు. కానీ ఒక్క రాత్రిలో ఐదు మిల్లీమీటర్ల నీరు ఆవిరైతే 160 లీటర్లు, దానితో పోయేది 108 యూనిట్లు, అంటే రెండు డిగ్రీలు! ఆరుబయట కొలను పోగొట్టుకునే వేడిలో దాదాపు 70 శాతం ఆవిరిగానే పోతుందని అమెరికా ఇంధన శాఖ లెక్క. ఇది ముందే చదివి ఉంటే దిమ్మెల కంటే ముందు మూత గురించి ఆలోచించేదాన్ని. దిమ్మెలు వద్దని కాదు. కొలను నేల కింద కూడా థర్మాకోల్ పలకలు పరిచినందుకు నాకు సంతోషమే. కానీ పైన మూత లేకపోతే గోడలు కాపాడేది చాలా కొంచెం.

మొదటి వారం మూత లేదు. రాత్రి 30 డిగ్రీలు చూసి పడుకుంటే పొద్దున 28 ఉండేది, అమ్మ కాలు పెట్టి వెనక్కి తీసుకునేది. నీళ్ల మీద తేలే బుడగల ప్లాస్టిక్ మూత పరిచిన మర్నాడు థర్మామీటరు 29.5 చూపించింది. అమ్మ మెట్టు మెట్టుకూ ఆగుతూ దిగి, గట్టు పట్టుకుని అటు చివరిదాకా నడిచి వచ్చింది. నాన్న గట్టు మీద కూర్చుని ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టారు. పదకొండు.

మూత చుట్టడానికి ఇప్పుడు ఇద్దరం కావాలి. అమ్మ ఒక్కతే తీసుకోగలిగేలా చేతితో తిప్పే రోలరు బిగించాలి. నాన్న దాని కొలతలు రాసుకుంటున్నారు.