కశ్మీర్ గ్రేట్ లేక్స్: ఎక్కుడు కంటే దిగుడే కష్టం

సోనామార్గ్ నుంచి నారనాగ్ దాకా కొండల మీది సరస్సుల పక్కగా నడిచే గ్రేట్ లేక్స్ ట్రెక్ అనగానే మన దిక్కు అందరూ గడ్సర్ పాస్ అనే కొండ కనుమ గురించే అడుగుతారు. దాదాపు 4,200 మీటర్ల ఎత్తు కదా, భయం ఉంటుంది. కానీ వరంగల్ నుంచి పోయిన మా కాళ్లను పిండి చేసింది చివరి రోజు, గంగాబల్ సరస్సు నుంచి నారనాగ్ ఊరికి దిగుడు. ఒక్కరోజులో 1,200 మీటర్లకు పైనే దిగాలి.

మొదట గడ్డి మైదానం, హాయిగానే ఉంటుంది. అడవిలోకి వచ్చాక పొడి మట్టి మీద ఎండిన పైన్ సూదాకులు పరుచుకుని ఉంటాయి, బూటు పట్టు దొరకదు. అడుగడుక్కీ వేళ్లు బూటు ముందు భాగానికి గుద్దుకుని గోళ్లు నల్లబడతాయి. అందుకే రెండు రోజుల ముందే గోళ్లు కత్తిరించాలి. మడమను బూటు వెనక్కి ఆనించి, చీలమండ దగ్గర లేసు గట్టిగా బిగించాలి, వేళ్ల దగ్గర కొంచెం వదలాలి. చేతికర్రల పొడవు నాలుగు వేళ్లంత పెంచి, మోకాళ్లు కాస్త వంచి, చిన్న అడుగులు వేయాలి. దిగేటప్పుడు తొడ ముందు కండరం సాగుతూనే ఒంటి బరువును ఆపుతుంది. ఎక్కే అలవాటు దానికి చాలదు. హన్మకొండ వాళ్లు నెలన్నర ముందు నుంచే ఏడెనిమిది కిలోల బ్యాగుతో పద్మాక్షి గుట్ట మెట్లు దిగడం ప్రాక్టీస్ చేస్తే మోకాళ్లు బతుకుతాయి.

సోనామార్గ్‌లో ఒక రాత్రి ఆగి ఒంటికి ఎత్తు అలవాటు చేయాలి. తలనొప్పితో పాటు ఆకలి చచ్చిపోతే ఇంకా పైకి పోవద్దు. తగ్గకపోతే కిందికి దిగాల్సిందే.

ఇక అన్నం సంగతి. విషన్‌సర్ సరస్సు దగ్గర 3,700 మీటర్ల ఎత్తున నీళ్లు 88 డిగ్రీలకే మరుగుతాయి. మామూలు గిన్నెలో అన్నం ఉడకడానికి చాలాసేపు పడుతుంది, తొందరపడితే మెతుకు లోపల పలుకు మిగులుతుంది, కందిపప్పైతే ఓ పట్టాన ఉడకదు. వంటవాళ్ల దగ్గర ప్రెషర్ కుక్కర్ ఉందో లేదో డబ్బు కట్టేముందే అడగండి. పప్పుకైతే మైసూర్‌పప్పు మేలు. దారిలో నమలడానికి సకినాలు గట్టి డబ్బాలో పెట్టుకుంటే ముక్కలు కావు.

గడ్సర్ పాస్ ఎక్కుతూ వెనక్కి తిరిగితే విషన్‌సర్, కిషన్‌సర్ సరస్సులు రెండూ ఒకేసారి కనబడతాయి. ఊపిరి కోసం ఎలాగూ ఆగాలి, అక్కడే ఆగండి. విషన్‌సర్ నీళ్లు కిషన్‌గంగ నదిలోకి పోతాయి, గంగాబల్ నీళ్లు నుంద్‌కోల్ సరస్సు మీదుగా సింధ్ నాలా అనే ఏట్లోకి. జూలై మొదట్లో పోతే గడ్సర్ సరస్సులో మంచుపెళ్లలు తేలుతుంటాయి.

మన ప్రీపెయిడ్ సిమ్ కశ్మీర్‌లో పనిచేయదు, పోస్ట్‌పెయిడ్ కావాలి. ఆధార్ అసలు కార్డే చేతిలో ఉంచుకోవాలి, దారిలో ఆర్మీ చెక్‌పోస్టుల్లో చూస్తారు.

నారనాగ్‌లో కశ్మీర్ రాజు లలితాదిత్యుడి కాలం నాటివని చెప్పే 8వ శతాబ్దపు రాతి గుళ్లున్నాయి. వేయిస్తంభాల గుడి నీడన పెరిగినవాళ్లు వాటిని చూడకుండా బండెక్కొద్దు. ఆ బండి రేటు మాత్రం శ్రీనగర్‌లోనే మాట్లాడుకోవాలి. అలసిపోయి దిగాక అడిగితే వాళ్లు ఎంతంటే అంతకే ఎక్కాల్సి వస్తుంది.