పడకలు ఖాళీగా ఉన్నా ఆగని ఖర్చు

అమెరికా గ్రామీణ ఆసుపత్రుల మనుగడను చాలావరకు నిర్ణయించేది వాటికి డబ్బు చెల్లించే పద్ధతేనని, ఆరోగ్య విధానాలపై పరిశోధన చేస్తున్నకొద్దీ నాకు మరింత స్పష్టమవుతోంది. వృద్ధుల ప్రభుత్వ బీమా పథకమైన మెడికేర్ 1983లో, అయిన ఖర్చును తిరిగి చెల్లించడం మాని, జబ్బును బట్టి ముందే ఖరారు చేసిన మొత్తాన్ని ఇవ్వడం మొదలుపెట్టింది. నగరంలోని పెద్ద ఆసుపత్రి ఒక రోగి విషయంలో నష్టపోయినా మరొకరి దగ్గర పూడ్చుకోగలదు. రోగులు కొద్దిమందే చేరే చిన్న ఆసుపత్రికి ఆ వెసులుబాటు లేదు, పైగా ఎవరూ రాకపోయినా అత్యవసర విభాగం రాత్రంతా తెరిచి ఉండాల్సిందే.

అందుకే 1997 చట్టం మారుమూల ఆసుపత్రులకు ఖర్చు ఆధారిత చెల్లింపును తిరిగి తెచ్చింది. ఇప్పుడు 25 పడకలకు మించని అటువంటి ఆసుపత్రులకు మెడికేర్ తన వాటా ఖర్చులో 101 శాతం ఇవ్వాలి (2013 నుంచి అమలవుతున్న బడ్జెట్ కోత ఆ అదనపు ఒక్క శాతాన్నీ మింగేస్తోంది). అయితే ఇది మెడికేర్ రోగులకే వర్తిస్తుంది. ప్రైవేటు బీమా సంస్థలు ఈ లెక్కకు కట్టుబడి లేవు.

మేరీల్యాండ్ 2010లో కొన్ని గ్రామీణ ఆసుపత్రులకు రోగుల సంఖ్యతో నిమిత్తం లేని వార్షిక బడ్జెట్‌ను కేటాయించి, 2014 నుంచి దాన్ని రాష్ట్రమంతటికీ విస్తరించింది. నాకు ఇదే మెరుగనిపిస్తుంది, కానీ అక్కడ బీమా సంస్థలన్నీ ఆసుపత్రులకు చెల్లించాల్సిన ధరలను ఒకే రాష్ట్ర కమిషన్ నిర్ణయిస్తుంది. అటువంటి అధికారం లేని రాష్ట్రాల్లో ఈ పద్ధతిని నిలబెట్టడం కష్టం.