డక్టబుల్ ఏసీ, కారే సీలింగు, వెంట్ పైపు: నా అనుభవం

మా హాలు ఫాల్స్ సీలింగు కారడం ఎట్టకేలకు ఆగింది. సముద్రం మీంచి ఉక్క గాలి వీచే రాత్రుళ్లు కూడా ఏసీ తెల్లవార్లూ నడిపి చూశాను, చుక్క రాలలేదు. చెన్నైలో, అందులోనూ తిరువాన్మియూర్ లాంటి ఒడ్డు పేటల్లో డక్టబుల్ ఏసీ (సీలింగు పైన దాగి, డక్టులనే గాలి గొట్టాల ద్వారా చల్లగాలి పంపేది) పెట్టించుకోబోయేవాళ్లు డీలరుకి ఆఖరి డబ్బు ఇచ్చేలోపు ఇది చదవాలి. అందుకే వివరాలు మనసులో ఉండగానే రాసేస్తున్నాను.

ముందు సులువైనవి. డీలర్లు చల్లదనంతో పాటు వేడి కూడా ఇచ్చే మోడల్ అంటగట్టాలని చూస్తారు. బెంగళూరులో జనవరి చలికి కాస్త పనికొస్తుందేమో గానీ, ఇక్కడ జనవరి రాత్రి కూడా 20 డిగ్రీల దరిదాపుల్లోనే ఉంటుంది. వేడి కోసం పెట్టే రివర్సింగ్ వాల్వ్ అదనపు ఖర్చు, చెడిపోయే భాగం ఇంకోటి. వద్దన్నాను. హాలు, డైనింగు కలిపి లెక్క వేయిస్తే 3 టన్నులు వచ్చింది. పుస్తకంలో టన్నుకి 400 సీఎఫ్ఎం (నిమిషానికి ఘనపుటడుగులు) గాలి అని ఉంటుంది. మన ఉక్కకి 350 చాలు. గాలి నెమ్మదిగా వెళ్తే దాన్ని చల్లబరిచే కాయిల్ ఇంకా చల్లబడి తేమ బాగా తీస్తుంది. బ్లోయర్ మోటారుకి స్పీడు ట్యాపులు ఉంటాయి, మధ్యదానికి కలపమని అడగండి.

కరెంటు పని ఒక్క పూటలో అయిపోయింది. మీటరు బోర్డు నుంచి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, దానికి సీ-కర్వ్ ఎంసీబీ (మోటారు మొదట్లో ఎక్కువ కరెంటు లాగినా పడిపోని బ్రేకర్), అవుట్‌డోర్ పక్కన ఐసొలేటర్ స్విచ్. ఇంటి శాంక్షన్డ్ లోడ్ సరిపోతుందో లేదో ముందే చూసుకోవాలి.

రాగి గొట్టాల దగ్గర మాత్రం పక్కనే నిలబడండి. బ్రేజింగ్ (గొట్టాలు కాల్చి అతకడం) చేసేటప్పుడు గొట్టం లోపల నైట్రోజన్ సన్నగా పారుతూ ఉండాలి. లేకపోతే లోపల నల్లటి పొక్కు కట్టి, అది రాలి గ్యాస్ వెళ్లే సన్నటి దారి అయిన ఎక్స్‌పాన్షన్ వాల్వ్‌లో ఇరుక్కుంటుంది. తరవాత 400 పీఎస్ఐ ఒత్తిడి దాకా నైట్రోజన్ నింపి ఒక రోజు వదిలేసి, ముల్లు దిగలేదని చూపించమనాలి. ఆపైన వాక్యూమ్, అంటే గొట్టాల్లోని గాలి, తేమ పంపుతో లాగేయడం. పంపు అరగంట తిప్పి అయిపోయిందంటారు. టైముతో పని లేదు, వాక్యూమ్ కొలిచే మైక్రాన్ గేజ్ 500 కిందికి దిగాలి, పంపు ఆపాక అక్కడే నిలవాలి. గేజ్ లేదన్న మెకానిక్‌ని వెనక్కి పంపించండి. మొహమాటపడితే రేపు కంప్రెసర్ మార్చాల్సింది మనమే.

ఇక అసలు కథ. యూనిట్ హాలు పక్క నడవా పైన, శ్లాబుకి 10 మిల్లీమీటర్ల త్రెడెడ్ రాడ్లతో వేలాడుతోంది. రాడ్డుకీ యూనిట్‌కీ మధ్య రబ్బరు ప్యాడ్లు, డక్టుకీ యూనిట్‌కీ మధ్య కాన్వాస్. రసమట్టం పెట్టి చూస్తే డ్రెయిన్ వైపు చిన్న వాలు కూడా ఉంది. బిగింపులో వంక పెట్టడానికి ఏమీ లేదు. నడిచిన కొన్ని వారాలకి నడవా సీలింగు మీద పసుపు మరక కనపడింది. తరవాత జిప్సం బోర్డు ఉబ్బింది. ఒకరోజు రాత్రి ధార కట్టి కారింది.

డీలరు మనిషి వచ్చాడు. ఫిల్టర్ తీసి కడిగాడు. కాయిల్ నీరు పట్టే ట్రేలో మగ్గుతో నీళ్లు పోశాడు, బాత్రూమ్ మూలనున్న పైపులోంచి సాఫీగా పోయాయి. గంటసేపు నడిపాడు, చుక్క రాలేదు. "డ్రెయిన్ బావుంది సార్, మీరు 18లో పెడుతున్నారు, డక్టు చెమట పడుతోంది" అన్నాడు. మేం ఎప్పుడూ 25 కిందికి దించం. పనిచేసే చోట ఎయిర్ హ్యాండ్లర్ల (పెద్ద ఏసీల గాలి యంత్రాల) బాధ్యత నాదే అయినా ఆ మాట పడాల్సి వచ్చింది. అతను వెళ్లాక కొన్నాళ్లు బాగానే ఉండి మళ్లీ మొదలయ్యేది. మళ్లీ ఫిల్టర్ కడగడం, మళ్లీ మగ్గు నీళ్లు, మళ్లీ "బావుంది సార్". చివరికి ఇది ఏసీ నీరే కాదు, పైఇంటి బాత్రూమ్ లీకు అని కాగితం మీద రాసిచ్చి పోయాడు.

ఆ కాగితంతోనే పరువు పోయింది. అసోసియేషన్ వాళ్లు పైఇంటి మామీ చేత బాత్రూమ్ వాడకం ఆపించారు. ప్లంబర్ని పిలిచి టైల్స్ సందులు నింపించారు. అయినా కారుతూనే ఉంది. మీటింగులో అందరి ముందూ సెక్రటరీ, "మీ ఏసీ రిపేరు ఖర్చు ఆవిడ నెత్తిన వేస్తారా?" అని నిలదీశాడు. ఆవిడ ఏమీ అనలేదు, నావైపు చూడనైనా చూడలేదు. డీలరు చేసిన తప్పుడు నిర్ధారణకి ఇరుగు పొరుగు ఇళ్ల మధ్య మాటలు పోతాయి. ఈ రంగంలో ఉన్నవాళ్లకి ఆ సంగతి పట్టాలి. తెలియకపోతే తెలియదని చెప్పి పెద్ద మెకానిక్‌ని పంపాలి గానీ, పక్కింటివాళ్ల మీదికి తోసేయడం పని కాదు.

అది ఎవరి నీరో తేల్చడానికి నీటిలో కరిగిన ఉప్పులు కొలిచే టీడీఎస్ మీటరు చాలు. ఏసీ కాయిల్ మీద కట్టే నీరు గాల్లోని ఆవిరే, ఉప్పు ఉండదు. మీటరు మీద రెండంకెల్లోనే చూపిస్తుంది. మా అపార్టుమెంటు బోరు నీరు వందల్లో ఉంటుంది. కాకపోతే నీరు సీలింగు బోర్డు తాకకముందే పట్టాలి, జిప్సం కరిగిందంటే రీడింగు పెరిగిపోతుంది. యూనిట్ అడుగున ప్లాస్టిక్ డబ్బా పెట్టి పట్టాను. 22 చూపించింది. మామీ గారింటికి వెళ్లి రెండు నీళ్లూ పక్కపక్కన పెట్టి చూపించి, టైల్స్ పనికైన ఖర్చు ఇచ్చి వచ్చాను.

ఏసీ నీరేనని తేలింది. కానీ మగ్గు నీళ్లు పోతుంటే ఇది ఎందుకు పోవట్లేదు? ఇక్కడ రెండు ఆనవాళ్లు దొరికాయి. ఒకటి, ఏసీ నడుస్తున్నంతసేపూ బాత్రూమ్ పైపులోంచి సన్నగా బొట్లే పడేవి. ఆపిన మరుక్షణం బొళబొళమని లీటర్ల కొద్దీ వచ్చేది. రెండు, ఫిల్టర్ కడిగిన కొత్తలో కారదు, దుమ్ము పట్టాక కారుతుంది.

ఈ రెండింటికీ మూలం ఒకటే. మా యూనిట్‌లో ముందు ఫిల్టర్, తరవాత కాయిల్, ఆఖర్న బ్లోయర్. అంటే బ్లోయర్ గాలిని కాయిల్ గుండా లాక్కుంటుంది. కాయిల్ కింద ట్రే ఉన్న చోట గాలి ఒత్తిడి బయటికంటే తక్కువ. స్ట్రాతో కొబ్బరినీళ్లు పీల్చినట్టు, బ్లోయర్ డ్రెయిన్ పైపులోంచి కూడా గాలి పీలుస్తుంది. ఎదురొచ్చే గాలి ట్రేలోని నీటిని బయటికి పోనివ్వదు. మగ్గుతో నీళ్లు పోసి చూసే పరీక్ష బ్లోయర్ ఆపి చేస్తారు, అప్పుడు పీల్చేదేమీ ఉండదు. అందుకే ప్రతిసారీ పాస్.

గాలి ఒత్తిడి కొలిచే డిజిటల్ మ్యానోమీటరు గొట్టం యూనిట్‌లో ట్రే ఉన్న అరలోకి దూర్చి చూశాను. ఫిల్టర్ శుభ్రంగా ఉన్నప్పుడు మైనస్ 110 పాస్కల్స్. దాదాపు 10 పాస్కల్స్‌కి ఒక మిల్లీమీటరు నీటి ఎత్తు, కాబట్టి నీరు ట్రేలో 11 మిల్లీమీటర్లు నిలిస్తే తప్ప బయటికి కదలదు. ట్రే గోడ అంతకంటే ఎత్తే, కాబట్టి కారదు. దుమ్ము పట్టిన ఫిల్టర్‌తో ఆ అంకె 200 దాటింది. నీరు 20 మిల్లీమీటర్లకి పైనే నిలబడి, లోపలికి దూసుకొచ్చే గాలికి చిమ్మి, ట్రే అంచు దాటి సీలింగు మీద పడుతోంది. ఎంత నీరు అనుకుంటున్నారు? 3 టన్నుల యంత్రం సామర్థ్యంలో 30 శాతం తేమ తీయడానికే పోయిందంటే గంటకి నాలుగున్నర లీటర్లు. ఆ నీటికి దారి లేకపోతే ఏ సీలింగూ ఆగదు.

దీనికే డ్రెయిన్ పైపులో ట్రాప్ అనే U ఆకారపు వంపు పెడతారు. ఆ వంపులో నిలిచిన నీరు బయటి గాలిని అడ్డుకుంటుంది. మా పైపుకి ట్రాప్ ఉంది, కంటికి కనపడుతోంది. బాత్రూమ్ చివర అగరబత్తి పెట్టి చూస్తే పొగ లోపలికి పోలేదు, అంటే ట్రాప్ గాలిని ఆపుతోంది. ఇదే నన్ను చాలా రోజులు తిప్పలు పెట్టింది. ఇంటీరియర్ డిజైనరు నడవా అందం పోతుందని అడుగు బై అడుగు మూత మాత్రమే ఇచ్చాడు. అందులోంచి చెయ్యి దూరుతుంది, తల దూరదు. చివరికి బోర్డు కోయించి రెండడుగుల బై రెండడుగుల తలుపు పెట్టించాక అసలు దొంగ దొరికాడు. ట్రేకీ ట్రాప్‌కీ మధ్య, యూనిట్ వెనకాల, గాలి ఆడడానికి పైకి తెరిచిన వెంట్ పైపు ఉంది. అగరబత్తి దాని మూతి దగ్గర పెడితే పొగ సర్రున లోపలికి లాక్కుపోయింది. ట్రాప్ అడ్డుకుంటున్న గాలి దాని ముందున్న ఈ పైపులోంచి దర్జాగా వస్తోంది.

వెంట్ తప్పు కాదు, ఉండాల్సిందే. ఇలా గాలి లాగే యూనిట్లకి అది ట్రాప్ దాటాక ఉండాలి. ట్రాప్‌కి ముందు పెడితే ట్రాప్ ఉన్నా లేనట్టే.

బాగు చేసిన పద్ధతి చెబుతాను. ముందరి వెంట్ టీకి (మూడు మూతుల పైపు ముక్కకి) మరతో తిరిగే మూత బిగించాం. అది ఇప్పుడు పైపు కడగడానికి పనికొస్తోంది. పాత ట్రాప్‌లో నిలిచే నీరు 20 మిల్లీమీటర్లే, దాన్ని తీసేశాం. లెక్క ఇది: మురికి ఫిల్టర్‌తో వచ్చే ఒత్తిడిని మిల్లీమీటర్లలోకి మార్చి, దానికి 25 కలపాలి. ట్రే నుంచి వచ్చే పైపు కంటే ట్రాప్ బయటికి వెళ్లే పైపు కనీసం అంత కిందికి ఉండాలి. అందులో సగమైనా నీరు వంపులో నిలవాలి. మాకు ఒత్తిడికి 25, దానికి కలిపే 25, మొత్తం 50 మిల్లీమీటర్ల దిగుడు. నీటి నిలవ కూడా 50 పెట్టించాను, కాస్త ఎండినా పట్టు పోకూడదని. పైపు 32 మిల్లీమీటర్ల పీవీసీ, ట్రాప్ దాటాక వెంట్, అక్కణ్ణుంచి మీటరుకి ఒక సెంటీమీటరు వాలు. పైపు మొత్తానికి 9 మిల్లీమీటర్ల నైట్రైల్ రబ్బరు తొడుగు, లేకపోతే పైపే చెమట పడుతుంది. చివర బాత్రూమ్ నహానీ ట్రాప్ (నేల మీది నీరు పోయే జాలీ) పైన వేలు దూరేంత ఖాళీ వదిలి పడేట్టు పెట్టాలి. మురుగు గొట్టానికి నేరుగా కలపనివ్వొద్దు.

ఈ 50, 50తో పాటు వాలుకయ్యే సెంటీమీటర్లు కూడా సీలింగు గీసే రోజే లెక్కలోకి రావాలి. డిజైనర్లు యూనిట్ ఎత్తు ఒక్కటే అడిగి సీలింగు దించుతారు. ఆరు మీటర్ల పైపుకి ఆరు సెంటీమీటర్ల వాలు ఎక్కడ దొరుకుతుందని మీరే అడగండి. జవాబు రాకపోతే యూనిట్‌ని బాత్రూమ్‌కి దగ్గరగా జరపండి. సన్నగా ఉండే కన్సీల్డ్ యూనిట్లు కొన్నింటిలో బ్లోయర్ వెనక ఉండి కాయిల్ మీదికి ఊదుతుంది, డ్రెయిన్ పంపు కూడా లోపలే వస్తుంది. వాటికి ఈ లెక్క వర్తించదు, వాటి మాన్యువల్ చూడాలి.

ట్రేలో ఫ్లోట్ స్విచ్ కూడా పెట్టించాను. నీరు మట్టం దాటితే కంట్రోల్ లైన్ తెగి యంత్రం ఆగిపోతుంది. సీలింగు ఒక్కసారి మార్పించే ఖర్చు ముందు దాని ధర ఎంత! డీలర్లు తమంతట చెప్పరు, కొటేషన్‌లో రాయించుకోండి. అప్పగించే రోజు బ్లోయర్ ఫుల్ స్పీడులో పెట్టి, ఫిల్టర్ ముందు సగం దాకా అట్టముక్క అడ్డుపెట్టి, అప్పుడు ట్రేలో నీళ్లు పోయించండి. అలా పోయిన డ్రెయినే డ్రెయిను.

నిర్వహణలో ఫిల్టర్ పదిహేను రోజులకోసారి, రోడ్డు పక్క ఇళ్లకి వారానికోసారి. నెలకోసారి పాత వెంట్‌కి బిగించిన ఆ మూత తిప్పి ఒక చెంబుడు గోరువెచ్చని నీళ్లు పోస్తే లోపల కట్టే జిగురు వదులుతుంది. బ్లీచింగ్ లాంటివి ట్రేలో పోయొద్దు, కాయిల్ అల్యూమినియం రెక్కలు తినేస్తుంది. డిసెంబరు, జనవరుల్లో ఏసీ వాడకపోతే ట్రాప్ ఎండిపోతుంది. ఫిబ్రవరిలో మొదటిసారి వేసే ముందు ఆ మూతలోంచి నీళ్లు నింపండి. లేకపోతే బాత్రూమ్ వాసన హాల్లోకి లాగుతుంది, కారడమూ మళ్లీ మొదలవుతుంది. మే నెల కత్తిరి ఎండలకి ముందే బ్లోయర్ చక్రం రెక్కల్లో పేరుకున్న మట్టి తీయించి, మోటారు కెపాసిటర్ కొలిపించాలి. కెపాసిటర్ నీరసిస్తే గాలి తగ్గి కాయిల్ మీద మంచు కడుతుంది. దాన్ని చూసి గ్యాస్ తగ్గిందంటారు. గ్యాస్ ఖర్చయ్యేది కాదు. తగ్గిందంటే ఎక్కడో లీకుంది, అది చూపించకుండా నింపుతానంటే ఒప్పుకోవద్దు.

ఒడ్డు పేటల్లో అవుట్‌డోర్ కాయిల్‌ని నెలకోసారి మంచినీళ్లతో, ఒత్తిడి లేకుండా కడగాలి. బోరు నీళ్లతో కడిగితే ఉప్పు మీద ఉప్పే. వార్షిక కాంట్రాక్టు రాయించేటప్పుడు డ్రెయిన్ లైను శుభ్రం, ఫ్లోట్ స్విచ్ పరీక్ష అని విడిగా రాయించండి. "జనరల్ సర్వీస్" అన్న ఒక్క మాట కింద ఆ రెండూ ఎవరూ చేయరు. మా కొత్త కాంట్రాక్టులో ఆ రెండు వాక్యాలూ ఉన్నాయి, కింద మెకానిక్ సంతకంతో సహా.